రక్షకభటుని తుపాకి

కత్తి పట్టువాడు ఎవని తరఫున పట్టుచున్నాడో తెలియనిచో రక్షణ యేది, దౌర్జన్యమేది యని నిర్ణయించుట కష్టము. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల చరిత్రము ఈ సంగతిని చక్కగా బోధించును.

ఇవి వెనుకటి పాలెగాండ్ర సీమలు. పుంగనూరు తానే యొక సంస్థానము. కుప్పము కంగుంది జమీలోనిది. గ్రామములను దొంగలనుండి కాపాడు కావలి ఆనాడు పాలెగాండ్రకు వంశపారంపర్యపు హక్కు. అందులకై రైతులు రుసుము చెల్లించుచుండిరి. బంట్ల చేతి ఆయుధములు మాత్రము పాలెగానివే. కంచె చేను మేసినచో మొఱ వినువాడు లేడు.

1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి అప్పగించెను. మదనపల్లె ప్రాంతమును అందు చేరినది. అప్పటి పాలెగాండ్రు సుమారు 80 మంది. వారి బంట్లు 30,000 మంది యని చెప్పుదురు. మన్రో దొర ఆ బలములను చెదరగొట్టించెను. 1816 నాటి శాసనము గ్రామపెద్దను, తలారిని కావలికి నిలిపి, వారిపై తహశ్శీలుదారును ఉంచెను. శిస్తు వసూలు చేయువాడే పోలీసధికారి యగుటచే కలిగిన క్రౌర్యములను 1855లో చిత్రహింసల విచారణ సంఘము బయటపెట్టెను. 1859 శాసనముచే పోలీసు వేఱు శాఖ యయ్యెను.

1878 ఆయుధ శాసనము లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనుటను ప్రజలకు నిషేధించి, విధి నిర్వహణమున నున్న ప్రభుత్వోద్యోగిని మినహాయించెను. 1931లో కరాచి కాంగ్రెసు నిబంధనలకు లోబడి ఆయుధము ధరించుటను పౌరహక్కుగా తీర్మానించినను, స్వరాజ్యమున వచ్చిన 1959 శాసనము లైసెన్సు పద్ధతిని విడువలేదు. 45వ సెక్షనులో ఆ మినహాయింపును నిలిపినది. ఈ మినహాయింపు మనిషికి కాదు, అతని విధికి. ఇదియే పాలెగాని బంటునకును నేటి భటునకును గల భేదము.

తుపాకి ధరించు అధికారము వేఱు, కాల్చు అధికారము వేఱు. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 46వ సెక్షను ఒకనిని నిర్బంధించుటకు అవసరమైన బలమును అనుమతించెను. కాని మరణదండనకో యావజ్జీవ ద్వీపాంతరవాసమునకో తగిన నేరము మోపబడని వానిని చంపు హక్కును ఈయలేదు. 1973 కోడును, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షనును ఈ హద్దునే పాటించినవి. ద్వీపాంతరవాసమునకు మాఱుగ యావజ్జీవ కారాగారమను మాట చేరినది. ఆత్మరక్షణ హక్కు వేఱుగ నున్నది. దానికిని ఋజువు కావలెను.

ఈ ఋజువునకై 2014 సెప్టెంబరు 23న సుప్రీముకోర్టు నియమములు విధించెను. పోలీసు కాల్పులలో మరణము సంభవించినచో కేసు నమోదు కావలెను. స్వతంత్ర దర్యాప్తును, మేజిస్ట్రేటు విచారణయు జరుగవలెను. కాల్చినవారు తమ తుపాకులను పరీక్షకు అప్పగింపవలెను. ఏడాదియైనను నిండకముందే, 2015 ఏప్రిల్ 7న, అప్పటికి ఈ మూడూళ్లు చేరియున్న చిత్తూరు జిల్లాలోనే, శేషాచలపు అడవిలో 20 మంది కాల్పులకు బలియైరి. ఆత్మరక్షణకై కాల్చితిమని పోలీసులు చెప్పిరి. పౌరహక్కుల సంఘములు దానిని త్రోసిపుచ్చినవి.

ఎవరి పక్షము సత్యమో నిర్ణయించుట మా పని కాదు. చనిపోయినవారు ఎట్టివారైనను, ప్రతి గుండునకును లెక్క చెప్పుమని అడుగుట మాత్రము గృహస్థులందఱి పని. పాలెగాని నాడు అడుగుటకు చోటు లేదు, నేడు కలదు. మనము అడుగుట మానిన దినమున శాసనము గ్రంథమున మిగులును, కావలి మరల పాలెగాని దగును.