డబ్బాలు పోయి అక్షరాలొచ్చిన వైనం

మా నాన్నగారు తెలుగు మాస్టారు. గుంటూరు జిల్లా బడుల్లో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. 2010లో నేను మొదటి స్మార్ట్‌ఫోను కొనుక్కుని ఇంటికెళ్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో తెలుగు కనిపిస్తుందిరా?" అని అడిగారు. తెలుగు వికీపీడియా తెరిచాను. తెర నిండా డబ్బాలు. ఒక్క అక్షరం లేదు. ఆయన ఏమీ అనలేదు, కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. మొబైల్ యాప్‌లు రాయడం నా వృత్తి. ఆ కళ్లజోడు పక్కన పెట్టిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

డబ్బాలు ఎందుకొచ్చేవో చెబుతాను. లిపుల అక్షరాలకు నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్ 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అందులో మన లిపికి కేటాయించిన గళ్లు 128. ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ ఒక నంబరు ఉంటుంది. కానీ నంబరు ఉన్నంత మాత్రాన అక్షరం కనిపించదు. దాన్ని గీయడానికి ఫోనులో ఫాంటు ఉండాలి. ఫాంటు ఒక్కటే ఉన్నా చాలదు. "స్త్రీ" అన్న మాట చూడండి. మన కంటికి ఒకే అక్షరం. ఫోనుకు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు నంబర్లు. ఈ ఆరింటినీ చదివి, త ఒత్తును, ర ఒత్తును వాటి వాటి చోట కూర్చి, గుడి పైన పెట్టే కూర్పరి ఒకటి ఫోను లోపల పనిచేయాలి. ఆ రోజుల్లో కొందరు ఫోన్‌ను రూట్ చేసి, అంటే తయారీదారు పెట్టిన కట్టడిని తప్పించి, తెలుగు ఫాంటును లోపలికి ఎక్కించేవారు. డబ్బాలు పోయేవి గానీ, కూర్పరి లేక ఒత్తులన్నీ విడివిడిగా, ముక్కలు ముక్కలుగా కనిపించేవి. అది చదవడం డబ్బాలు చూడటం కంటే బాధగా ఉండేది.

అప్పట్లో అందరికీ అందుబాటులో ఉన్న దారి ఒపెరా మినీ. చిరునామా రాసే గడిలో ఒపెరా:కాన్ఫిగ్ అని కొట్టి, అట్టడుగున ఉన్న బిట్‌మ్యాప్ ఫాంట్ల వరుసలో "నో"ని "యెస్" చేయాలి. అప్పుడు వాళ్ల సర్వరే తెలుగును బొమ్మగా గీసి పంపేది. నెమ్మదిగా వచ్చేది, డేటా ఎక్కువ తినేది, అయినా ఒత్తులన్నీ సరిగ్గా ఉండేవి. ఈ కిటుకును ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. బస్సులో పక్క సీటాయనకు కూడా చేసి పెట్టాను.

యాప్‌లలోనూ అదే దారి పట్టాం. స్మార్ట్‌ఫోన్లకు ముందు, జావా ఫోన్ల కాలంలో నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి వేమన పద్యాల యాప్ చేశాం. ఫోనులో తెలుగు లేదు కాబట్టి ప్రతి పద్యాన్నీ కంప్యూటర్లో పోతన ఫాంటుతో టైపు చేసి, రెండు రంగుల బొమ్మగా మార్చి యాప్‌లో పెట్టేవాళ్లం. కొన్ని ఫోన్లు 64 కిలోబైట్లు దాటిన యాప్‌ను ఎక్కించుకునేవే కావు. ఒక్కో పద్యం రెండు మూడు కిలోబైట్లు తీసుకునేది. ఇరవై పద్యాలయ్యేసరికి చోటు నిండిపోయేది. ఏ పద్యం ఉంచాలి, ఏది తీసేయాలి అని రాత్రిళ్లు వాదించుకునేవాళ్లం.

ఆ పోతన ఫాంటు తిరుమల కృష్ణదేశికాచార్యులు గారు తయారుచేసి ఉచితంగా ఇచ్చింది. వేమన ఫాంటూ ఆయనదే. ఫోనులో తెలుగు చరిత్ర ఫోనుతో మొదలు కాలేదని నేను గట్టిగా చెప్పడానికి కారణం ఇలాంటి వాళ్లే. 1990ల తొలినాళ్లలోనే అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు తదితరులు ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసే పద్ధతిని రూపొందించారు. ఆర్‌టీఎస్ అని మనం పిలిచేది దాన్నే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున, దినపత్రికల సైట్లలో ఒక్కోదానికి ఒక్కో సొంత ఫాంటు ఉన్న రోజుల్లో, ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చే పద్మ అనే ఉపకరణాన్ని చేశారు. 2006లో వీవెన్ లేఖినిని తెచ్చారు. బ్రౌజరు తెరిచి ఆర్‌టీఎస్‌లో కొడితే పక్కనే తెలుగు వచ్చేది. నాకు తెలిసిన తెలుగు రచయితల్లో చాలామంది కంప్యూటర్లో తొలి వాక్యం రాసింది లేఖినిలోనే. ఇవేవీ ఎవరి దగ్గరా డబ్బు తీసుకుని చేసినవి కావు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజీలు రాసే అలవాటు గురించి ఒక మాట చెప్పాలి. భాష మీద ప్రేమ లేకనే అలా రాస్తారని మా నాన్నగారి తరం వాళ్లు నొచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు లిపిలో అయితే 160 అక్షరాలు పడతాయి. తెలుగులో ప్రతి గుర్తుకూ రెండు బైట్లు కాబట్టి 70 మాత్రమే. "లక్ష్మి" అన్న పేరొక్కటే ఏడు తినేస్తుంది. ఒక మెసేజీ రెండైతే రెండింటికీ డబ్బు కట్టాల్సి వచ్చేది. పైగా అవతలి ఫోనులో కనిపిస్తుందన్న నమ్మకం ఉండేది కాదు. తెలుగును కుదించి పంపే పట్టిక ఒకటి ఎస్సెమ్మెస్ ప్రమాణాల్లో చేరింది గానీ, దాన్ని వాడే ఫోను ఒక్కటీ నా చేతికి రాలేదు. పదేళ్లకు పైగా జనం వేళ్లు ఇంగ్లీషు మీటలకు అలవాటు పడ్డాయి. తప్పు వాళ్లది కాదు.

2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చింది. కన్నడం, మలయాళంతో పాటు తెలుగునూ చూపించగలిగిన కూర్పు అది. ఆ కూర్పున్న ఫోనులో "స్త్రీ" కుదురుగా కనిపించిన రోజు నేను ఆఫీసులో పని ఆపేసి నాన్నగారికి ఫోన్ చేశాను. 2016లో కేంద్ర ప్రభుత్వం, దేశంలో అమ్మే ప్రతి ఫోనూ 22 షెడ్యూల్డ్ భాషలనూ చూపించగలగాలని ఆదేశించింది. 2017లో గూగుల్ తెలుగు మాటను విని రాసే సదుపాయం ఇచ్చింది. నాన్నగారు ఇప్పుడు కీబోర్డు ముట్టుకోరు, మాట్లాడి పంపిస్తారు.

2018 ఫిబ్రవరిలో మాత్రం ఆయనే కంగారుగా ఫోన్ చేశారు. "మన అక్షరం వల్ల ఐఫోన్లు పాడవుతున్నాయట, నిజమేనా?" "జ్ఞా" అన్న అక్షరం మెసేజీలో వస్తే ఐఫోన్లో దాన్ని చూపే యాప్ మూతపడిపోతోందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. తీరా చూస్తే, మామూలుగా మనం రాసే "జ్ఞానం" వల్ల ఏమీ కాదు. ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనపడని ఒక గుర్తు ఇరుక్కుంటేనే కూర్పరి తడబడేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిచేసింది. "అక్షరం తప్పు కాదు నాన్నా, కూర్చేవాడి తప్పు" అన్నాను. ఆయన మనసు కుదుటపడింది.

ఆ కనపడని గుర్తు నాకు పాత పరిచయమే. "రాజ్‌కుమార్"లో జ్ తర్వాత క ఒత్తుగా మారిపోకుండా ఆపేది అదే. అది లేకపోతే "రాజ్కుమార్" అవుతుంది. మా ఊరి గ్రంథాలయానికి ఆదివారాలు కూర్చుని పుస్తకాల జాబితా యాప్ చేశాను. పేర్లను ముగ్గురు కుర్రాళ్లు మూడు రకాల కీబోర్డులతో ఎక్కించారు. బీరువాలో ఉన్న పుస్తకం యాప్‌లో వెతికితే దొరికేది కాదు. ఒకరు ఆ గుర్తు పెట్టారు, ఇంకొకరు పెట్టలేదు. వెతికేటప్పుడు రెండు వైపులా దాన్ని తీసేసి పోల్చమని రాశాను, పుస్తకాలు దొరికాయి. ఆ పని చేసేది పది వరుసల కోడు. దాన్ని రాయాలని తెలియడానికి మాత్రం తెలుగు చదవడం రావాలి.

నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇవాళ మీరు వాడే బ్యాంకు యాప్‌నో, బస్సు టికెట్ల యాప్‌నో రాసినవారికి తెలుగు రాకపోవచ్చు. ఒత్తు తెగిందని, గుడి పైవరుసలోకి దూసుకెళ్లి సగం కోసుకుపోయిందని వాళ్లకు కనపడదు. మీకు కనిపించినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, తప్పున్న చోట గుండ్రంగా గీసి, యాప్‌లో ఫిర్యాదు రాసే చోట పెట్టండి. ఐదు నిమిషాల పని. అలాంటి స్క్రీన్‌షాట్లు నాకు వచ్చిన ప్రతిసారీ ఆ వారంలోనే సరిచేశాను.