917 బంతుల నాయుడు

ఏప్రిల్ 18న జయంతి జరుపుకోదగిన కొట్టారి సుబ్బన్న నాయుడు (సి.ఎస్. నాయుడు, 1914–2002) పుట్టింది నాగపూరులోనే అయినా, ఆ ఇంటి మూలాలు బందరులో ఉన్నాయని కృష్ణా జిల్లావారు అభిమానంతో చెప్పుకొంటారు. ఆంగ్లేయ వర్తకులు 1611లోనే బందరులో స్థావరం ఏర్పరచుకున్నా, ఈ దేశంలో క్రికెట్ ప్రస్తావన మొదట వినిపించేది 1721లో, గుజరాత్ తీరాన ఖంభాత్ దగ్గర ఓడ సిబ్బంది ఆడిన సందర్భంలో. 1848లో బొంబాయి పార్సీలు సొంత క్లబ్బు పెట్టుకోగా, 1932లో లార్డ్స్‌లో భారత్ ఆడిన తొలి టెస్టుకు సుబ్బన్న అన్నగారు సి.కె. నాయుడు నాయకుడయ్యారు.

తమ్ముడు సి.ఎస్. లెగ్ స్పిన్నర్, అంటే మణికట్టు తిప్పి వేసిన బంతిని కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు కాలి వైపు నుంచి బయటికి మళ్లించే బౌలర్. బరోడా తరఫున 1942–43 రంజీ పోటీల్లో 40 వికెట్లు తీసి, ఒకే సీజనులో అన్ని వికెట్లు పడగొట్టిన తొలి బౌలర్‌గా నిలిచిన ఆయన, తరవాత అన్నగారు సారథ్యం వహిస్తున్న హోల్కర్ జట్టులో చేరారు.

ఆయన ఓర్పుకు అసలు పరీక్ష 1945 మార్చిలో, బొంబాయితో జరిగిన రంజీ ఫైనల్లో ఎదురైంది. ఫలితం తేలేదాకా సాగే ఆ పోటీలో బొంబాయి మొదట 462 పరుగులు చేయగా సుబ్బన్న 64.5 ఓవర్లు వేసి 153 పరుగులకు 6 వికెట్లు తీశారు. హోల్కర్ 360కే ముగించిన తరవాత విజయ్ మర్చంట్ 278 పరుగుల అండతో బొంబాయి 764కు చేరగా, ఆయన మరో 88 ఓవర్లు వేసి 275 పరుగులకు 5 వికెట్లు పడగొట్టారు. రెండు ఇన్నింగ్సుల్లో కలిపి 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి, 11 వికెట్లు తీసిన ఆ శ్రమ ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో, అంటే మూడు రోజులకు తక్కువ కాకుండా రెండేసి ఇన్నింగ్సులతో సాగే ఆటలో, ఒక మ్యాచ్‌లో అత్యధిక బంతుల ప్రపంచ రికార్డుగా నిలిచింది. గెలుపుకు 867 పరుగులు కావలసిన హోల్కర్, ముస్తాక్ అలీ 139, ఇంగ్లండుకు చెందిన డెనిస్ కాంప్టన్ అజేయంగా 249 చేసినా, 492 దగ్గర ఆగి 374 పరుగుల తేడాతో ఓడిపోయింది. టెస్టుల్లో ఒక మ్యాచ్‌లో అత్యధిక బంతుల రికార్డు 1957లో వెస్టిండీస్ స్పిన్నర్ రామదీన్ వేసిన 774.

సి.ఎస్. 11 టెస్టుల్లో తీసిన వికెట్లు రెండే అయినా, ఫస్ట్‌క్లాస్ పోటీల్లో 647 వికెట్లు తీశారు. ఆంధ్ర జట్టుకూ ఆడారు. ఇప్పటి ఇరవై ఓవర్ల ఆటలో ఒక బౌలరుకు దక్కేది 24 బంతులే. ఆ లెక్కన, నాయుడు ఒక్క మ్యాచ్‌లో వేసినన్ని బంతులు వేయాలంటే నేటి బౌలర్ 38 మ్యాచ్‌లలో తన వాటా పూర్తిగా వేసినా ఇంకా 5 బంతులు మిగులుతాయి. బందరు, గుడివాడ, దివిసీమ మైదానాల్లో బంతి తిప్పడం నేర్చుకుంటున్న ప్రతి పిల్లవాడికీ పెద్దలు సి.కె. సిక్సర్లతో పాటు సి.ఎస్. 917 బంతుల సంగతి కూడా చెప్పాలి.