వందేమాతరం బిళ్ళ



పోయిన ఏడాది సంగతి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, మా కర్నూల్లో ఆ వెంటనే నీళ్ళకు కటకట మొదలవుతుంది. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. వాళ్ళ బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకు పది రోజులుగా నీళ్ళు లేవు. చెప్పి చెప్పి విసిగిపోయిన పిల్లలు ఒకరోజు ఎర్ర రిబ్బన్లకు బదులు నల్ల రిబ్బన్లతో జడలు మడిచి కట్టుకుని పోయారు. అరవలేదు, క్లాసు ఎగ్గొట్టలేదు. మధ్యాహ్నానికి నాకు కబురొచ్చింది, మీ పాప యూనిఫారం నిబంధన మీరింది, వచ్చి మాట్లాడమని.

నేను పోయి ఏం చేశాననుకుంటున్నారు? పబ్లిక్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి, హాల్ టికెట్టు వాళ్ళ చేతిలో ఉంది. అందరి ముందూ పిల్ల జడలు విప్పి, నా చేత్తోనే ఎర్ర రిబ్బన్లు కట్టి, "తప్పైపోయింది మేడం" అని చెప్పి వచ్చాను. ఆ రాత్రి పిల్ల నాతో మాట్లాడలేదు.

మా మామగారు మాత్రం చిన్నగా నవ్వి, "గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని కాలేజీ నుంచి ఎందుకు వెళ్ళగొట్టారో తెలుసునా అమ్మా?" అన్నారు. ఆయన మా ఊళ్ళో పుట్టిన పెద్దమనిషని తెలుసుగానీ, ఈ సంగతి తెలియదు. నాది పదో తరగతి చదువు. మామగారి బీరువాలో పుస్తకాలు దించుకుని వంటపని అయ్యాక రోజూ కాస్త కాస్త చదివాను.

హరిసర్వోత్తమరావుగారు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో పుట్టారు. పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. చాలా పేద కుటుంబం. కర్నూలు, గుత్తి, నంద్యాల అంటూ ఊళ్ళు మారుతూ చదివి, మద్రాసులో ఎం.ఏ. పూర్తి చేశారు. ఆ రోజుల్లో తెలుగువాళ్ళలో ఎం.ఏ.లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తరువాత పంతులు ఉద్యోగానికి తర్ఫీదు కోసం రాజమండ్రి ట్రైనింగు కాలేజీలో చేరారు. ఇంక కొద్ది నెలలు ఓపిక పడితే సర్కారు నౌకరీ, నెల తిరిగేసరికి జీతం. కొడుకు చదువు పూర్తయితే ఇంట్లో పొయ్యి నిశ్చింతగా వెలుగుతుందని ఎదురుచూసే తల్లులు మనకు కొత్తేమీ కాదు గదా!

అది బెంగాల్ విభజన తరువాతి కాలం. 1905లోనే బెంగాలులో, విద్యార్థులు సభలకూ ఊరేగింపులకూ పోకూడదని కార్లైల్ అనే అధికారి పేరుతో సర్క్యులరు వచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు వాటిని తెలుగులో చెబుతుంటే జనం విరగబడి విన్నారట. పాల్‌గారి రాకతో కుర్రవాళ్ళ రక్తం ఉడికింది. ఛాతీ మీద వందేమాతరం బిళ్ళలు పెట్టుకుని కాలేజీకి పోయారు. వాళ్ళలో ముందున్నవాడు మన కర్నూలు ఎం.ఏ.

ప్రిన్సిపాలు మార్క్ హంటర్ దొర. ఆయన కుర్చీలో కూర్చుని కూడా ఆలోచించి చూశాను, లేకపోతే న్యాయం కాదు గదా. కాలేజీ సర్కారుది, జీతం సర్కారుది, రేపు ఈ కుర్రవాళ్ళు పంతుళ్ళయ్యేది సర్కారు బళ్ళలో. క్రమశిక్షణ పోతే పైవాళ్ళు ఆయన్నే అడుగుతారు. సరే, అదంతా ఒప్పుకుందాం. కానీ బిళ్ళ పెట్టుకోవడమే తప్పయితే, తీసేసి రమ్మని ఇంటికి పంపిస్తే సరిపోయేది. సర్కారు బంట్రోతులు మాత్రం బిళ్ళలు పెట్టుకోలేదా? హరిసర్వోత్తమరావుగారిని కాలేజీ నుంచి తీసేశారు. అంతటితో ఆగక, సర్కారు ఉద్యోగానికే పనికిరాడన్నారు. చాలామంది విద్యార్థులు కూడా చదువు పోగొట్టుకున్నారు. అంటే హంటర్ దొర బిళ్ళను చూడలేదు, అందులోని మాటను విన్నాడు. శిక్ష ఆ మాటకు. నిబంధన మాత్రం బిళ్ళ పేరు మీద. అదే ఏడాది కాకినాడలో వందేమాతరం అన్న ఒక కుర్రవాణ్ణి కెంప్ అనే దొర చేయిచేసుకున్నాడు. అక్కడ నిబంధన అనే ముసుగు కూడా లేదు.

ఇది చదివేటప్పుడు నాకు ఎర్ర రిబ్బను గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. మా హెడ్మిస్ట్రెస్‌గారు కూడా రంగు గురించే మాట్లాడారు. నేనూ రంగు గురించే క్షమాపణ చెప్పాను. నీళ్ళ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

యూనిఫారం వద్దనేదాన్ని కాను, పొరపడకండి. మా జేజి కాలంలో బడికి పోయే పిల్లల పావడాలు చూస్తే ఎవరింట్లో ఎన్ని ఎకరాలో తెలిసిపోయేదట. అందరికీ ఒకే గుడ్డ ఉంటే పేదింటి పిల్ల తలొంచుకోవలసిన పని లేదు. అది మంచి నిబంధనే. ఆ మంచి నిబంధనను పిల్లల నోటికి గుడ్డగా వాడటమే నాకు నచ్చలేదు.

అమెరికాలోనూ ఇట్లాంటిదే జరిగింది. 1965 డిసెంబరులో డి మాయిన్ అనే ఊళ్ళో, వియత్నాం యుద్ధంలో పోయినవారి కోసం కొందరు పిల్లలు చేతికి నల్లపట్టీ కట్టుకుని బడికి పోయారు. వాళ్ళలో మేరీ బెత్ టింకర్‌కు పదమూడేళ్ళు. బడివాళ్ళు ఇంటికి పంపేశారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు, సుప్రీంకోర్టు దాకా పోయారు. 1969లో పిల్లలే గెలిచారు. చదువుకు అడ్డం రానంతవరకు పిల్లల అభిప్రాయాన్ని బడి నొక్కిపెట్టకూడదన్నది తీర్పు సారాంశం. మన దేశంలో 1985లో, జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడినా, తమ మతవిశ్వాసం వల్ల నోరు కలపలేదని కేరళలో ముగ్గురు తోబుట్టువులను బడి నుంచి తీసేశారు. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు వాళ్ళను మళ్ళీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నపరెడ్డిగారు.

1907లో ఇట్లాంటి రాజ్యాంగమూ లేదు, కోర్టులో అడిగే హక్కూ లేదు. ఉద్యోగం పోయిన హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపారు. తిరునెల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసానికి మూడేళ్ళ శిక్ష పడింది. వేలూరు జైల్లో తల గొరిగి, కాళ్ళకు గొలుసులు వేసి, ఖైదీ గుడ్డలు తొడిగారు. చూశారా, ఛాతీ మీది బిళ్ళ నచ్చని సర్కారు చివరికి తనకు నచ్చిన బట్టలే కట్టించింది!

బయటికొచ్చాక ఆయన పత్రికలు నడిపారు, గ్రంథాలయాల కోసం ఊరూరా తిరిగారు. 'వయోజన విద్య' అనే మాట ఆయన ఇచ్చిందేనంటారు. మనకు ముఖ్యమైనది ఇంకొకటుంది, స్త్రీల కోసం 'సౌందర్యవల్లి' అనే పత్రిక పెట్టారు, దాని సంపాదకురాలు ఆయన భార్య రమాబాయిగారు. సర్కారు బళ్ళో పాఠం చెప్పడానికి పనికిరాడన్న మనిషి, 1960లో కన్నుమూసేదాకా జనానికి చదువు చెబుతూనే ఉన్నారు.

మా అమ్మాయి బడికి నాలుగు రోజుల తరువాత నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. నల్ల రిబ్బన్లు నా కుట్టుపెట్టెలో ఉన్నాయి.

ఈ ప్రసంగం రాసుకుంటుంటే పిల్ల వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. "మరి నా జడలు విప్పిన సంగతి కూడా చదువుతావా రేడియోలో?" అంది.

చదువుతానన్నాను.