శ్యేనచితి: ఇటుకలలో ఒదిగిన గణితం

స్వర్గకాముడైన యజమాని శ్యేనాకారంలో అగ్నిని చయనం చేయాలని తైత్తిరీయ సంహిత విధించింది. కంకచితి, ద్రోణచితి, రథచక్రచితి మొదలైన ఆకృతులూ అక్కడే పేర్కొనబడ్డాయి. ఆకృతి ఏదైనప్పటికీ వైశాల్యం మారరాదు. ఈ ఒక్క నిబంధనే ఋషులను రేఖాగణితం వైపు నడిపించింది.

బోధాయన, ఆపస్తంబ శుల్బసూత్రాలలో దీని విధానం కనిపిస్తుంది. శుల్బమంటే కొలతత్రాడు. యజమాని చేతులెత్తి నిలిచిన ఎత్తు ఒక పురుషప్రమాణం, అనగా 120 అంగుళాలు. ఆత్మ అనబడే మధ్యభాగం 4 చదరపు పురుషాలు. రెక్క ఒక్కొక్కటి 1 పురుషం, దానిపై ఒక అరత్ని (24 అంగుళాలు) అధికం. తోక 1 పురుషం, దానిపై ఒక ప్రాదేశం (12 అంగుళాలు). అంటే 4, 1.2, 1.2, 1.1 కలిపి సరిగా ఏడున్నర. రెండవ పర్యాయం చయనం చేసేవాడు ఎనిమిదిన్నర, ఆపై తొమ్మిదిన్నర, ఇలా నూటొకటిన్నర వరకు పెంచాలి; పక్షి పెరగాలి గాని దాని రూపం చెడరాదు. కొత్తగా చేరే 1 చదరపు పురుషాన్ని 15 భాగాలుగా చేసి, ప్రతి చదరపు పురుషానికి 2 భాగాల చొప్పున కలపమని బోధాయనుడు చెప్పిన ఉపాయం ఎంత సులభమో అంత నిర్దుష్టం.

నిర్మాణంలో ఐదు ప్రస్తారాలు, ఒక్కొక్కదానిలో 200 చొప్పున మొత్తం 1000 ఇటుకలు. ఒక ప్రస్తారంలోని సంధి పై ప్రస్తారపు సంధితో కలిస్తే అది 'భేదం' అనే దోషం. అందుకే 1, 3, 5 ప్రస్తారాలకు ఒక కూర్పు, 2, 4 ప్రస్తారాలకు వేరొక కూర్పు. నేటి తాపీ పనివాడూ గోడ కట్టేటప్పుడు అతుకు మీద అతుకు రానివ్వడు.

చతురస్రపు కర్ణానికి సూత్రకారులు ఇచ్చిన నియమం ఇది: భుజానికి దాని మూడవ వంతును, ఆ మూడవ వంతులో నాలుగవ వంతును కలిపి, చివర కలిపినదానిలో 34వ వంతును తీసివేయాలి. బోధాయనుని మానంలో అంగుళానికి 34 తిలలు. కనుక 12 అంగుళాల భుజానికి కర్ణం 17 అంగుళాలకు ఒక్క నువ్వుగింజ తక్కువ! పురుషప్రమాణపు భుజంపై ఈ లెక్కలోని దోషం నువ్వుగింజలో నూరవ వంతు కూడా లేదు. దీనికి వారు పెట్టిన పేరు 'సవిశేషం'. కొంత మిగులు ఉందని వారెరుగుదురనడానికి ఆ పేరే సాక్ష్యమని పలువురు పండితుల అభిప్రాయం.

వేదంలో సమస్త గణితమూ ఉన్నదని ఉపన్యాసాలలో చెప్పడం పరిపాటి అయింది. అది శుల్బకారులకు గౌరవం కాదు. 2 యొక్క వర్గమూలానికి ఇంత దగ్గరి విలువ బాబిలోనియా మట్టిపలకపై అంతకు పూర్వమే ఉంది. శుల్బకారుల ఘనత వేరు: సూక్ష్మమైన కొలతను శ్రద్ధకు అంగంగా చేసి, ఇటుకల కూర్పు వరకు దించి చూపారు. తెలుగునాట అధికసంఖ్యాకులైన వైదిక కుటుంబాలు ఆపస్తంబ సూత్రులే; కాని వారిలో ఆ సూత్రకారుని శుల్బప్రశ్నను అధ్యయనం చేసినవారు మిక్కిలి అరుదు.

1875లో జార్జ్ థీబో శుల్బసూత్రాలపై వ్యాసం ప్రకటించి పాశ్చాత్య పండితుల దృష్టిని వీటివైపు మళ్లించాడు. సరిగా నూరేళ్లకు, 1975 ఏప్రిల్ 12 నుండి 24 వరకు, కేరళలోని పాంజాళ్ గ్రామంలో నంబూదిరి వైదికులు అగ్నిచయనం నిర్వహించారు. కొలతలన్నీ యజమాని దేహప్రమాణం నుండే తీశారు. చివరి దినాన యాగశాలను అగ్నికి అర్పించారు.