కొన్యాక్ నాగాల పచ్చబొట్లు: చరిత్ర, అర్థము, సంఘ బాధ్యత

ఉపోద్ఘాతము

గిరిజన ప్రాంతములలో సేవ చేసే కాపరికి ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. నుదుటిమీద, చేతులమీద పచ్చబొట్లున్న ఒక వృద్ధురాలు బాప్తిస్మము కోరి వచ్చినప్పుడు ఆ గుర్తులను గూర్చి ఏమి చెప్పాలి? అవి పాత జీవితపు పాపచిహ్నములా, లేక కేవలము అలంకారమా? లేవీయకాండము 19:28 చదివి వినిపిస్తే సరిపోతుందా? ఈ ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని మేము ఈ వ్యాసములో ఈశాన్య భారతములోని కొన్యాక్ నాగాల పచ్చబొట్ల చరిత్రను పరిశీలిస్తున్నాము. ఒకే తెగలో పొడిచిన గుర్తులు అక్కడ ఎంతో భిన్నమైన సంగతులను తెలియజేశాయి. సువార్త వచ్చిన తరువాత అవన్నీ కలిసి అంతరించాయి. ఈ రెండు విషయములూ మనకు పాఠము నేర్పుతాయి.

1. ప్రజలు, పరిశోధకుడు

కొన్యాక్‌లు ముఖ్యముగా నాగాలాండ్‌లోని మోన్ జిల్లాలో నివసిస్తారు. సరిహద్దు ఆవల మయన్మార్‌లో కూడా వారి గ్రామములున్నాయి. వంశపారంపర్యముగా గ్రామములను ఏలే అధిపతిని ‘అంగ్’ అంటారు. వీరి జీవితమును 1936-37లో వక్చింగ్ గ్రామములో ఉండి అధ్యయనము చేసినవాడు ఆస్ట్రియా దేశస్థుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్. ఈ పేరు మన పాఠకులకు కొత్త కాదు. తరువాత హైదరాబాదు సంస్థానములో చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు రాజ్‌గోండులను అధ్యయనము చేసి, మార్లవాయి గ్రామము కేంద్రముగా గోండుల విద్యకు పాటుపడినవాడు ఆయనే.

2. పురుషుని ముఖముపై గుర్తు

కొన్యాక్ పురుషుల ముఖముపై పచ్చబొట్టు అందరికీ లభించేది కాదు. శత్రువు తల తెచ్చినవానికి, లేక అటువంటి దాడిలో పాల్గొన్నవానికి అది దక్కేది. యువకులు ‘మొరుంగ్’ అనబడే సామూహిక శయనశాలలో పెరిగి, యుద్ధమునకు సిద్ధపడేవారు. మనిషి తలలో జీవశక్తి ఉన్నదని, దానిని గ్రామమునకు తెస్తే పంటలకు, పశువులకు, సంతానమునకు వృద్ధి కలుగుతుందని వారి నమ్మకము. కాబట్టి ముఖముపై గీతలు వీరత్వమునకు బిరుదు మాత్రమే కాక, ‘ఇతడు తన గ్రామమునకు జీవము తెచ్చినవాడు’ అనే ప్రకటన కూడా అయ్యాయి. అయితే ఆ జీవము మరొక గ్రామపు మనుష్యుని ప్రాణమును తీసి తెచ్చినది. ఈ సత్యమును ఏ సాంస్కృతిక వివరణతోనూ మనము కప్పిపుచ్చలేము.

3. స్త్రీ శరీరముపై గుర్తు

స్త్రీల పచ్చబొట్ల సంగతి వేరు. చేతులమీద, కాళ్లమీద, మోకాళ్ల వెనుక పొడిచే ఆకృతులు ఆమె జీవిత దశలను, అంటే బాల్యమునుండి యౌవనమునకు, యౌవనమునుండి వివాహమునకు ఆమె సాగిన దారిని సూచించేవి. చూచినవారికి ఆమె ఎవరో, ఏ దశలో ఉన్నదో తెలిసేది. అక్షరములు లేని సమాజములో ఇవి దాదాపు కుటుంబ రిజిస్టరు వంటివి.

పొడిచేవారు కూడా స్త్రీలే. ముఖ్యముగా అంగ్ గృహములోని స్త్రీలకు ఈ బాధ్యత ఉండేది. అడవి పేము ముళ్లను వరుసగా కట్టి, చెట్టు జిగురును కాల్చి తీసిన మసిని రంగుగా వాడి, చిన్న కర్రతో తట్టుచూ పొడిచేవారు. నొప్పిని భరించడము ఆ దశకు తగినదానినని ఆమె చూపించుకొనే విధానము. ఈ వివరములలో అనేకము నేడు మనకు తెలియుటకు కారణము, పచ్చబొట్టు ధరించిన యోధుని మునిమనుమరాలైన ఫేజిన్ కొన్యాక్ చేసిన కృషి. ఆమె వృద్ధుల వద్దకు వెళ్లి సేకరించిన సమాచారము 2017లో ఛాయాచిత్రములతో గ్రంథముగా వెలువడినది.

4. సువార్త రాక

నాగా కొండలలో అమెరికన్ బాప్టిస్టు సేవ 1872లో ఇ. డబ్ల్యూ. క్లార్క్ ద్వారా ఆవో నాగాల మధ్య వేళ్లూనినది. 1876లో విశ్వాసులు పాత గ్రామమును విడిచి మొలుంగ్‌యిమ్‌సెన్ అనే కొత్త గ్రామమును కట్టుకొన్నారు. పాత ఊరిలో ఉంటూ దాడులకు దూరముగా ఉండడము వారికి దాదాపు అసాధ్యము. తలవేట ఆగుటలో ప్రభుత్వ నిషేధముతో పాటు సువార్తకు గొప్ప పాత్ర ఉన్నదని మనము కృతజ్ఞతతో ఒప్పుకోవాలి.

అయితే ఈ వేర్పాటు క్రమేణా ఒక పద్ధతిగా మారినది. హింసతో పాటు మొరుంగ్, పాటలు, ఆభరణములు కూడా అన్యాచారములుగా లెక్కించబడ్డాయి. బ్రిటిష్ అధికారి జె. పి. మిల్స్ 1926లో ఆవో నాగాలపై వ్రాసిన గ్రంథములో ఈ ధోరణిని విమర్శించాడు. కొన్యాక్‌ల మధ్యకు సువార్త తరువాతి కాలములో వ్యాపించినది. అక్కడ కూడా తలవేటతో పాటు స్త్రీల పచ్చబొట్లు సైతము ఆగిపోయాయి. 2011 జనాభా లెక్కల ప్రకారము నాగాలాండ్ జనాభాలో దాదాపు 88 శాతము క్రైస్తవులు.

ముఖముపై గుర్తులతోనే కొన్యాక్ వృద్ధులు ఆరాధనలో కూర్చున్నారు. ఒకనాడు నరహత్యను ప్రకటించిన ముఖమే ప్రభువును స్తుతించినది. గుర్తు చెరపనక్కరలేకుండానే ఆ మనుష్యుడు నూతన సృష్టి అయ్యాడు.

5. వాక్య పరిశీలన

లేవీయకాండము 19:28 పచ్చబొట్టును చచ్చినవారి నిమిత్తము దేహమును కోసుకొనుటతో కలిపి నిషేధిస్తున్నది. అక్కడ వాడిన ‘కఅకా’ అనే హెబ్రీ పదము పాత నిబంధనలో మరెక్కడా కనబడదు. యూదుల మిష్నాలో (మక్కోత్ 3:6) ఈ ఆజ్ఞ హద్దులపై రబ్బీలు భిన్నాభిప్రాయములు వెలిబుచ్చారు. యెషయా 44:5లోని హెబ్రీ మాటలను ‘తన చేతితో వ్రాయును’ అనీ, ‘తన చేతిమీద వ్రాయును’ అనీ రెండు విధములుగా చదువవచ్చును. యెషయా 49:16లో దేవుడే తన ప్రజలను అరచేతులమీద చెక్కుకొన్నానంటున్నాడు. ఐగుప్తులోని కాప్టిక్ క్రైస్తవులు నేటికీ మణికట్టుపై సిలువ పొడిపించుకొంటారు. కాబట్టి, ఆ గుర్తు ఎవరికి చెందినదని చెబుతున్నదో తెలుసుకొనకుండా తీర్పు తీర్చడము వాక్యానుసారము కాదని మా అభిప్రాయము.

ముగింపు

మధ్య భారతములోని గోండుల మధ్య ఒక నమ్మకము ప్రసిద్ధము: మరణించినప్పుడు నగలన్నీ ఇక్కడే ఉండిపోతాయి, పచ్చబొట్టు మాత్రమే వెంట వస్తుంది. దీనిని మూఢత్వమని నవ్వి విడిచిపెట్టే కాపరి ఒక గొప్ప అవకాశమును పోగొట్టుకొంటాడు. ‘అక్కడ నన్ను ఎవరు గుర్తుపడతారు?’ అనే ఆమె ప్రశ్నకు, పేరుపెట్టి పిలిచే కాపరిని గూర్చిన యోహాను 10:3 జవాబు చెబుతున్నది.

అందుచేత బాప్తిస్మమునకు వచ్చిన ఆ తల్లిని ముందుగా అడుగుదము: “అమ్మా, ఇది ఎవరు పొడిచారు? ఎప్పుడు? ఎందుకు?” ఆమె చెప్పే జవాబులో విడిచిపెట్టవలసిన భయము ఉండవచ్చును, దేవునికి వందనములు చెప్పదగిన జ్ఞాపకము కూడా ఉండవచ్చును. ఆ రెంటినీ వేరుచేయుటలో ఆమెకు తోడుగా నిలువడము కాపరి పని. చర్మముపై గుర్తును మాత్రము బాప్తిస్మమునకు అడ్డుగా నిలుపకూడదు.