బ్యాండ్ మేళం, రాక్ బ్యాండ్, మేం

బెజవాడలో బ్యాండ్ అంటే పెళ్లి ఊరేగింపు ముందు నడిచే మేళమే. ఎర్రకోటు, భుజాల మీద జరీ తాళ్లు, నెత్తిన టోపీ. 1995లో డిగ్రీ చదివే మేం నలుగురం "మాకో బ్యాండ్ ఉంది" అంటే, ఎవరైనా మొదట అడిగేది "పెళ్లికి ఎంత తీసుకుంటారు?" అనే. నాకు అది బేఇజ్జతీగా తోచేది. "రాక్ బ్యాండ్ అండీ" అని 'రాక్' దగ్గర ఒత్తి పలికేవాణ్ణి. ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ మాత్రమే కాదు, చరిత్ర కూడా. ఆ ఒత్తి పలకడం వెనకున్న గురూర్‌కూ ఒక తారీఖ్ ఉంది. దాన్ని ఇన్నాళ్లూ రాయకుండా దాటేస్తూ వచ్చాను.

గిటారు గుణదల కుర్రాడిది. కీబోర్డు వాయించేవాడు వినాయక చవితి పందిళ్ల ఆర్కెస్ట్రాలో పనిచేసే ఓ అన్న దగ్గర కేసియో అప్పు తెచ్చేవాడు. పందిరి ఉన్న రాత్రి మాకు కీబోర్డు లేనట్టే. బాస్ గిటారు ఎవరి దగ్గరా లేదు, దాన్ని కొనాలన్న ఊహ కూడా మాకు రాలేదు. పాట నాది. ఉర్దూ మీడియంలో చదివాను కాబట్టి ఖ, గ, జ ఎక్కడ పలకాలో తెలుసు, నా ఖాబిలియత్ అంతవరకే. ఇంగ్లీషు పాటలు క్యాసెట్ వెనక్కీ ముందుకూ తిప్పి ఉర్దూ లిపిలో రాసుకుని పాడేవాణ్ణి. ఏం పాడుతున్నానో సగం నాకే తెలిసేది కాదు. డ్రమ్స్ వాయించేది వన్‌టౌన్ దోస్త్. అతని సంగతికే వస్తాను.

డెల్టాలోకి గిటారు వచ్చిన దారి చర్చి. మచిలీపట్నంలో 1843లో నోబుల్ కాలేజీ పెట్టిన మిషనరీల కాలం నుంచీ హార్మోనియం, ఆర్గన్, నాలుగు గొంతుల పాట ఈ నేల మీద ఉన్నాయి. 1953లో జెసూట్లు ఆంధ్ర లొయోలా కాలేజీ తెరిచారు. గుణదల మాత తిరునాళ్లు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. మా గిటారు వాడు కార్డులు నేర్చింది ఆదివారం పూజలో. డీప్ పర్పుల్ 1972లో ఇచ్చిన 'స్మోక్ ఆన్ ది వాటర్' మొదటి నాలుగు స్వరాలు ప్రపంచంలో గిటారు పట్టిన ప్రతివాడిలాగే వాడికీ వచ్చు. ఆ పాటలో చివరిదాకా వచ్చినది మాత్రం ఆ నాలుగు స్వరాలే.

నిజం చెప్పాలంటే మాది సగం రాకే, మిగతా సగం రహమాన్. 'రోజా' 1992 ఆగస్టులో వచ్చింది, అదే ఏడు డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. ఆ తర్వాత మా మహల్లాలో కుర్రాళ్లకు క్యాసెట్ అట్ట మీద ఆ పేరు చూస్తే గుండెలో ఏదో కుదుటపడేది. రహమాన్ కూడా మద్రాసులో కుర్రాడిగా ఉన్నప్పుడు శివమణి లాంటి వాళ్లతో కలిసి 'రూట్స్' అనే బ్యాండ్‌లో వాయించినవాడేనని తర్వాత చదివాను. అప్పుడు తెలిసుంటే మా అబ్బాతో వాదించడానికి పనికొచ్చేది. అబ్బా మౌసీఖీని హరామ్ అనేవారు కాదు, మక్రూహ్ అనేవారు. ఇమామ్ గజాలీ సమా గురించి 'ఇహ్యా'లో ఒక బాబ్ మొత్తం రాశారని, మనసులో ఉన్నదాన్నే పాట పైకి తెస్తుందన్న అర్థంలో మాట్లాడారని మౌల్వీ సాబ్ చెబితే, "వాడి మనసులో ఏముందో అదే నా ఫికర్" అన్నారు. అదే అబ్బా నా నికాహ్‌కు బ్యాండ్ మేళానికి బయానా ఇచ్చి వచ్చారు. మేళం వాడి సంపాదన మక్రూహ్, మేళం లేని బారాత్ నామోషీ. మా షరీఫ్ ఖాందాన్లలో ఈ రెండు మాటలూ ఒకే నోట్లో ఉండేవి.

మా డ్రమ్మర్ నూర్‌బాషా. ఊళ్లో వాడే మాట దూదేకుల. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, నమాజు అరబ్బీలో, మిగతా జిందగీ తెలుగులో. "ఉర్దూ రాని ముసల్మానా?" అని మా వైపు పెద్దలు మూతి విరిచేవాళ్లు. సర్కారు లెక్కలో వాళ్లు బీసీ-బి. నా వంటి వాళ్లలో చాలామందికి బీసీ-ఇ అంటూ దారి 2007లో తెరుచుకుంది. రిజర్వేషన్ వచ్చాక కూడా పిల్లనివ్వడం దగ్గర పాత కొలతలే.

మరి ఈ నేల మీద సంగీతానికి ముసల్మానులు ఇచ్చినది ఏమిటని అడిగితే, మా షరీఫ్ గల్లీలు చూపించేది ఏమీ లేదు. చూపించాల్సింది సన్నాయి ఇళ్లనే. డెల్టాలో సన్నాయి మేళం నాయీబ్రాహ్మణులదీ, దూదేకుల వాళ్లదీ. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా తంజావూరు బాణీ నేర్చుకోవడానికి తమిళనేలకు వెళ్లి శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి ముంగిట నాదస్వరం ఊదారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది, మరుసటి ఏడు కన్నుమూశారు. ఆయన షాగిర్దులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు. నాదస్వరం పట్టిన ముసల్మాన్ ఔరత్ అనేసరికి నోళ్లు తెరిచేవాళ్లకు ఆవిడ వాయించిన తోడి వినిపించాలి.

మా డ్రమ్మర్ అబ్బా మాత్రం విద్వాంసుడేమీ కాదు. వన్‌టౌన్‌లో ఒక బ్యాండ్ మేళంలో సైడ్ డ్రమ్ వాయించేవాడు. కొడుక్కి రోల్ నేర్పింది ఆయనే. కుడిచేత్తో రెండు, ఎడమచేత్తో రెండు, తోలు మీద ఎక్కడా ఖాళీ కనపడకూడదు. సీజన్ లేనప్పుడు ఇటుక మీద కర్రలు పెట్టి కొట్టించేవాడట. కాలేజీలో మాత్రం ఎవరన్నా అడిగితే "వాళ్ల నాన్నది బిజినెస్" అని చెప్పేవాణ్ణి. అలా చెప్పమని నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ కొంచెం దూరం వెళ్లాలి. రాక్ డ్రమ్ సెట్ అంటే నడిచే బ్యాండ్ మేళాన్ని తెచ్చి ఒక స్టూలు మీద కూచోబెట్టడమే. మేళంలో పెద్ద డ్రమ్ ఒకడిది, సైడ్ డ్రమ్ ఒకడిది, తాళాలు ఒకడివి. అమెరికాలో నాటకశాలల్లో చోటు చాలక, ముగ్గురికి కూలీ ఇవ్వలేక, ముగ్గురి పనినీ ఒకడికి అప్పజెప్పారు. 1909లో లుడ్విగ్ కాలితో కొట్టే పెడల్‌కు పక్కా రూపమిచ్చాక చేతులు ఖాళీ అయ్యాయి. దాని మీదే జాజ్ వచ్చింది, రాక్ వచ్చింది. మరి ఆ పెద్ద డ్రమ్మూ తాళాలూ యూరప్ సైన్యాలకు ఎక్కడివి? ఉస్మానీ సుల్తానుల జానిసారీ సిపాయిల మెహ్తర్ నుంచి తీసుకున్నవి. 18వ శతాబ్దంలో వాటిని యూరప్‌లో తుర్కీ సంగీతమనే పిలిచారు. మొజార్ట్ 1782లో ఒక ఒపేరాలో ఆ మోతను వాడుకున్నాడు. రాక్ డ్రమ్మర్లు గొప్పగా చెప్పుకునే జిల్జియన్ తాళాల కంపెనీ 1623లో ఇస్తాంబుల్‌లో ఒక ఆర్మీనియన్ లోహకారుడు మొదలుపెట్టింది. ఇక ఇంగ్లీషు దొరలు తమ రెజిమెంట్లతో ఆ సరంజామానే హిందుస్తాన్‌కు తెచ్చారు. కంటోన్మెంట్ల నుంచి రాజుల కొలువులకు, అక్కడి నుంచి పెళ్లిళ్లకు. అలా వన్‌టౌన్‌లో ఒక దూదేకుల మనిషి మెడలో వేలాడింది. సిల్సిలా ఇంత సాఫ్‌గా ఉంటే, నేను అమెరికా వైపు కొమ్మను పట్టుకుని ఈ వైపు కొమ్మను చూసి షరమ్ పడ్డాను.

1997 ఫిబ్రవరి. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. కాలేజీ వార్షికోత్సవంలో మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. మైకు చూసుకుందామని గేటు వైపు వెళితే మా డ్రమ్మర్ అబ్బా నిలబడి ఉన్నారు. ఒక పెళ్లి నుంచి ఇంకో పెళ్లికి వెళ్తూ మధ్యలో వచ్చారు. ఎర్రకోటు, టోపీ చేతిలో, డ్రమ్ భుజాన. "బాబూ, మావాడిది ఎప్పుడు?" అన్నారు. వెనక మా క్లాసు అమ్మాయిలు వస్తున్నారు. నేను అన్నాను: "చాచా, లోపల సీట్లన్నీ నిండిపోయాయి. ఇక్కడికే బాగా వినపడుతుంది."

సరేనని గేటు పక్కనే నిలబడ్డారు. మేం మూడు పాటలు వాయించాం. దిగి వచ్చేసరికి ఆయన ఇంకా అక్కడే ఉన్నారు. "బాగా పాడావు బాబూ. మావాడికి చేతులు నావే వచ్చాయి. కాలే ఆలస్యంగా పడుతోంది" అన్నారు. నిజమే. మేళంలో పెద్ద డ్రమ్ ఆయనది కాదు కదా, కాలికి నేర్పేవాళ్లు ఇంట్లో లేరు. నాకు ఆ మాట అర్థమవడానికి లుడ్విగ్ గురించి చదవాల్సి వచ్చింది.

డిగ్రీ అయ్యాక మా బ్యాండ్ లేదు. గిటారు వాడు గల్ఫ్ వెళ్లాడు, నేను తెలుగు ఎం.ఏ. అంటూ వెళ్లి పత్రికల్లో పడ్డాను. డ్రమ్మర్ ఆటోనగర్‌లో లారీ బాడీ షెడ్డులో చేరాడు. డీజే బండ్లు వచ్చాక వన్‌టౌన్ మేళాలకు పిలుపులు తగ్గాయి.

2022 జనవరి 25 రాత్రి డెస్క్ మీద ఉన్నాను. పద్మ అవార్డుల జాబితా వచ్చింది. పద్మశ్రీల్లో గోసవీడు షేక్ హసన్ పేరు ఉంది. అప్పటి మన కృష్ణాజిల్లా గోసవీడు, భద్రాద్రి రామయ్య దగ్గర నాదస్వరం ఊదిన పెద్దమనిషి. అవార్డు వచ్చేనాటికి ఆయన లేరు. వార్త పంపించేసి, చాలా ఏళ్ల తర్వాత మా డ్రమ్మర్‌కు ఫోన్ చేశాను. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక వాళ్ల అబ్బా గురించి అడిగాను. పోయి మూడేళ్లయిందన్నాడు. సైడ్ డ్రమ్ అటక మీద ఉందట, తోలు ఎలుకలు కొట్టేశాయట.

"చివరిదాకా అందరికీ చెప్పేవాడు రా" అన్నాడు. "మావాడి ప్రోగ్రాంకి కాలేజీ అంతా నిండిపోయింది, నాక్కూడా సీటు దొరకలేదు అని."

ఫోన్‌లో నేను ఊఁ అన్నాను. ఇది అతను చదువుతాడు. ఆ సాయంత్రం సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.