క్షార ద్రావణాల్లో నికెల్ పొర ఎలక్ట్రోడ్లు

క్షార ద్రావణాల్లో పనిచేసే లోహపు పొరల్లో ఎక్కువగా పరిశోధించినది నికెల్. బంగారం, ప్లాటినం లేదా గ్రాఫైట్ ఆధారం మీద కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రోమీటర్ల మందాన నికెల్‌ను గానీ, దాని హైడ్రాక్సైడ్‌ను గానీ పరిచి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ముంచి, వోల్టేజీ మార్చుతూ కరెంటును కొలవడం ఈ అధ్యయనాల సాధారణ పద్ధతి. రీచార్జి బ్యాటరీలు, నీటి నుంచి హైడ్రోజన్ తీసే విద్యుద్విశ్లేషణ యంత్రాలు, రంగు మారే కిటికీ అద్దాలు, ఈ మూడింటికీ ఆధారం ఒకే రసాయన చర్య: నికెల్ హైడ్రాక్సైడ్ ఆక్సీకరణ చెంది ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారడం.

ఆ చర్య పారిశ్రామికంగా వాడుకలోకి వచ్చి వందేళ్లు దాటింది. స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నెర్ 1899లో నికెల్-కాడ్మియం బ్యాటరీని రూపొందించాడు. కొద్దికాలానికే అమెరికాలో థామస్ ఎడిసన్ నికెల్-ఇనుము బ్యాటరీని తెచ్చాడు. నికెల్-కాడ్మియం బ్యాటరీలు నేటికీ రైల్వేల్లో ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచే హెచ్‌బీఎల్ సంస్థ వాటి తయారీదారుల్లో ఒకటి. అయితే బ్యాటరీలోని ఎలక్ట్రోడు దళసరిగా, రంధ్రాలతో, రకరకాల సంకలితాలతో ఉంటుంది. అందులో ఏ మార్పు ఎక్కడ జరుగుతోందో విడదీసి చెప్పడం కష్టం. పలుచని పొరలో ఆ చిక్కు చాలావరకు తీరుతుంది: పదార్థమంతా ద్రావణానికి దగ్గరగా ఉంటుంది, నిరోధం తక్కువ, ప్రవహించిన విద్యుదావేశాన్ని నికెల్ పరమాణువుల సంఖ్యతో పోల్చవచ్చు.

పొరను తయారుచేసే పద్ధతులు అనేకం. శూన్యంలో లోహాన్ని ఆవిరిచేసి పరచవచ్చు, స్పటరింగ్ చేయవచ్చు. ఎక్కువమంది వాడేది నికెల్ నైట్రేట్ ద్రావణం నుంచి కాథోడ్ మీద నిక్షేపించడం. ఇక్కడ కరెంటు నికెల్‌ను నేరుగా హైడ్రాక్సైడ్‌గా మార్చదు. నైట్రేట్ క్షయకరణ చెందుతున్నప్పుడు ఎలక్ట్రోడు పక్కన క్షారత పెరుగుతుంది, ఆ క్షారతకు నికెల్ హైడ్రాక్సైడ్ అవక్షేపమై అంటుకుంటుంది. లోహపు నికెల్ పొరనే క్షారంలో ఉంచితే దాని ఉపరితలం తనంతట తానే హైడ్రాక్సైడ్ తొడుగు వేసుకుంటుంది. మొదట ఏర్పడే ఆల్ఫా రూపాన్ని తిరిగి లోహంగా క్షయకరించవచ్చు. వోల్టేజీ పెరిగి అది బీటా రూపంలోకి ముదిరితే, హైడ్రోజన్ బుడగలు వచ్చేదాకా తగ్గించినా వెనక్కి రావడం దాదాపు అసాధ్యం.

ఈ రూపాల మధ్య సంబంధాన్ని 1966లో హెచ్. బోడె, ఆయన సహచరులు ఒక పథకంగా ప్రతిపాదించారు. నికెల్ హైడ్రాక్సైడ్ తమలపాకుల కట్టలా పొరలుగా పేర్చి ఉంటుంది. బీటాలో ఆ పొరల ఎడం సుమారు 4.6 ఆంగ్‌స్ట్రాంలు. ఆల్ఫాలో నీరు చేరి అది దాదాపు 8కి పెరుగుతుంది. ఆక్సీకరణ చెందాక బీటా, గామా ఆక్సీహైడ్రాక్సైడ్లు వస్తాయి. గామాలో ఎడం సుమారు 7, మధ్యలో పొటాషియం అయాన్లు, నీరు ఉంటాయి. పరమాణువుకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున లెక్కిస్తే గ్రాముకు 289 మిల్లీ ఆంపియర్-గంటలు రావాలి. గామాలో నికెల్ సగటు ఆక్సీకరణ స్థితి 3.5ను దాటగలదు కనుక అంతకంటే ఎక్కువ రావచ్చు. కానీ గామా ఏర్పడేటప్పుడు ఎలక్ట్రోడు ఉబ్బుతుంది కాబట్టి బ్యాటరీ తయారీదారులకు అది ఇష్టం లేదు.

ప్రయోగశాలలో ప్రధాన సాధనం సైక్లిక్ వోల్టామెట్రీ. వోల్టేజీని పెంచి తగ్గిస్తే ఆక్సీకరణకు ఒక శిఖరం, క్షయకరణకు మరొకటి కనిపిస్తాయి. ఆక్సీకరణ శిఖరం దాటిన వెంటనే ఆక్సిజన్ బుడగల కరెంటు నిటారుగా లేస్తుంది. లేత ఆకుపచ్చగా, దాదాపు పారదర్శకంగా ఉన్న పొర నల్లబడుతుంది. రిఫరెన్స్‌గా పాదరసం-పాదరస ఆక్సైడ్ ఎలక్ట్రోడు మేలు, ఎందుకంటే దాన్ని అదే క్షారంతో నింపుకోవచ్చు. క్లోరైడ్ కారే భయం ఉండదు. పొర బరువును తూచడానికి క్వార్ట్జ్ స్ఫటిక సూక్ష్మతులా యంత్రం ఉంది. 5 మెగాహెర్ట్జ్ స్ఫటికంలో పౌనఃపున్యం 1 హెర్ట్జ్ తగ్గితే చదరపు సెంటీమీటరుకు సుమారు 17.7 నానోగ్రాములు చేరినట్టు. గామా ఏర్పడుతూ పొటాషియం లోపలికి వస్తే బరువు పెరుగుతుంది. రామన్ వర్ణపటంలో ఆక్సీకరణ చెందిన రూపం 474, 554 తరంగ సంఖ్యల దగ్గర రెండు గీతలతో బయటపడుతుంది.

ఈ రంగాన్ని ఎక్కువగా తికమకపెట్టింది ఇనుము. ఇనుము కలిస్తే నికెల్ ఎలక్ట్రోడు చెడిపోతుందని బ్యాటరీవాళ్లకు చాలాకాలంగా తెలుసు: ఆక్సిజన్ సులువుగా విడుదలై, చార్జింగుకు వెళ్లాల్సిన కరెంటు బుడగల్లో పోతుంది. 1987లో జనరల్ మోటార్స్ పరిశోధకుడు డెనిస్ కోరిగన్ పలుచని పొరలతో ఇదే విషయాన్ని తిరగేసి చూపాడు. ద్రావణంలో అతి కొద్దిగా ఉన్న ఇనుము కూడా పొరలోకి చేరి ఆక్సిజన్ ఉత్ప్రేరణను బాగా పెంచుతుంది. ఒకరి నష్టం మరొకరికి కావలసిందే అన్నమాట. అయినా ఈ హెచ్చరికను చాలామంది పట్టించుకోలేదు. 2014లో ఓరెగాన్ విశ్వవిద్యాలయంలో షానన్ బోట్చర్ బృందం, నిలవ ఉంచినకొద్దీ నికెల్ పొర మెరుగుపడటానికి కారణం స్ఫటిక రూపం మారడం కాదనీ, మామూలు పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కలిసి ఉన్న ఇనుమును అది పీల్చుకోవడమేననీ చూపింది. ఇనుము తీసేసిన క్షారంలో నికెల్ ఒంటరిగా చాలా మందకొడి ఉత్ప్రేరకం.

దీంతో అంతకుముందు వచ్చిన ఫలితాల్లో చాలావాటిని అనుమానంగా చదవక తప్పలేదు. క్షారాన్ని శుద్ధి చేయడానికి నికెల్ హైడ్రాక్సైడ్ అవక్షేపాన్నే అందులో కలిపి కదిలిస్తారు. అది ఇనుమును పట్టేసుకుంటుంది. గాజు పాత్ర పనికిరాదు, ఎందుకంటే గాఢ క్షారం గాజును కరిగించి సిలికేట్‌ను, దానితో పాటు ఇతర మలినాలను వదులుతుంది. టెఫ్లాన్, పాలీప్రొపిలీన్ పాత్రలు వాడాలి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కూడా దూరంగా ఉంచాలి, లేదంటే కార్బొనేట్ పేరుకుంటుంది.

పరిశ్రమలో అంత శుద్ధి ఎవరూ ఆశించరు. విద్యుద్విశ్లేషణ యంత్రాల్లో 25-30 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ సుమారు 70-90 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉక్కు గొట్టాల గుండా తిరుగుతుంది, గొట్టాల నుంచి ఇనుము వస్తూనే ఉంటుంది. అక్కడ నికెల్-ఇనుము పొరలను ఉద్దేశపూర్వకంగానే వాడతారు. అసలు ఆక్సిజన్‌ను పుట్టించేది ఇనుము పరమాణువా, నికెలా, లేక వాటి జోడా అన్న వాదన మాత్రం నడుస్తోంది. 2015లో వెలువడిన ఎక్స్-రే శోషణ ఫలితాలు ఇనుము-ఆక్సిజన్ బంధాలు అసాధారణంగా పొట్టిగా ఉన్నట్టు చూపి, ఇనుము వైపు మొగ్గు చూపాయి.